మా కుమారస్వామి, మంది గిన్నెల మూతలు

మా తమ్ముడు కుమారస్వామికి మూతపెట్టిన గిన్నె కనబడితే చెయ్యి ఊరుకునేది కాదు. తీసి చూడాల్సిందే. అది మా ఇంటి గిన్నా, మంది ఇంటి గిన్నా, పెళ్లి పందిట్లో గుండిగా, బస్సులో పక్క సీటాయన టిఫిన్ డబ్బానా అన్న తేడా లేదు. కొందరు గోళ్లు కొరుకుతారు, కొందరు కూర్చున్నచోట కాళ్లూపుతారు. వీడు మూతలు తీసేవాడు. పోయిన సెప్టెంబర్‌లో డెంగ్యూతో పోయేనాటికి వాడికి ముప్పై మూడేళ్లు. అందులో పదేళ్లు మంది గిన్నెల్లో తల పెట్టే గడిపాడు.

ఇది రాయడానికి కూర్చుంటే రెండుసార్లు ఏడుపొచ్చి లేచిపోయాను. మూడోసారి క్యాటరింగ్ అంజన్న గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

మా కాలేజీలో ఒక మేడం కూతురి పెళ్లి. కరీంనగర్‌లోనే ఫంక్షన్ హాలు. మా వాడు తెల్ల చొక్కా వేసుకుని, జేబులో పెన్ను, చంకలో ఫైలు పెట్టుకుని వచ్చాడు. పెళ్లికి ఫైలెందుకురా అంటే వినలేదు. అక్షింతలు వేయడం మానేసి వంటల దగ్గరికి పోయి ఒక్కో గుండిగ మూత తీయడం, తొంగిచూడడం, ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. అంజన్న చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"సార్, నూనె కొత్తదే సార్."

"నేనేమన్న అడిగిన్నా అన్నా?"

"పన్నీరు గూడ ఇయ్యాల్టిదే సార్. రంగు గిట్ల ఏం కలపలే. కావాల్నంటె తిని సూపిస్త."

"గుండిగ గింత పెద్దగున్నది గదా. మిగిల్తె ఏం జేస్తవ్?"

అంజన్నకు ముచ్చెమటలు పోశాయి. ఇది ఏ సెక్షన్ కింద అడుగుతున్నాడో తెలియదు. "మిగలది సార్. అసలే మిగలది. మిగిల్తె పారవోస్తం సార్, రూల్ ప్రకారం."

"పారవోస్తవా!" అన్నాడు మా వాడు. ఆ గొంతు విని అంజన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"పారవోయం సార్. పారవోయమంటె పారవోయం. మీరెట్లంటె గట్ల."

"మిగిల్తె నాకు ఫోన్ జెయ్యి" అని నంబరిచ్చి వచ్చాడు. ఆ రోజు నుంచి అంజన్న ప్రతి పెళ్లికీ వాడికి ఫోన్ చేసి, "సార్, పప్పు సగం గుండిగ, అన్నం పావు గుండిగ" అని రిపోర్టు ఇచ్చేవాడు. ఒక్కమాటతో పాపం ఎంత భయపెట్టాడో అనుకున్నాను నేను.

వాడు పీహెచ్‌డీ విద్యార్థి. ఊళ్లు విడిచి కరీంనగర్‌కు పనికొచ్చి, కట్టే అపార్ట్‌మెంట్ల పక్కన రేకుల షెడ్లు వేసుకుని బతికే కుటుంబాలు రోజూ ఏం తింటున్నాయి, ఎంత తింటున్నాయి అన్నది వాడి పరిశోధన. దాని అసలు పేరు రెండు లైన్లుండేది. చుట్టాలెవరైనా అడిగితే "ఆకలి మీద సదువుతున్న" అనేవాడు. "ఆకలి మీద సదువుడేందిరా, జర తిని సదువుకో" అనేది మా మేనత్త భూమవ్వ.

మొదటి ఏడాది వాడు పద్ధతి ప్రకారమే పోయాడు. షెడ్డు ముందు కూర్చుని, ఫారం తీసి, "నిన్న పొద్దటి సంది ఏమేం తిన్నరు?" అని అడిగేవాడు. వాళ్లు చెప్పేవారు, వీడు రాసుకునేవాడు. ఏడాది చివర గైడు సారు ఆ ఫారాలు చూసి కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారట.

"ఏమయ్యా కుమారస్వామీ, నీ లెక్క ప్రకారం రేకుల షెడ్లల్ల వారానికి నాలుగుసార్లు మటన్. మా ఇంట్ల నెలకొక్కసారి. నేను గూడ షెడ్డుకు మారాల్నా?"

"అబద్ధం చెప్తున్నరు సార్."

"ఎందుకు చెప్తరు?"

"అడిగినందుకు సార్."

అది నిజమే. మా దిక్కు 'తిన్నవా' అనేది ప్రశ్న కాదు, పలకరింపు. దానికి జవాబు 'తిన్న' అనే. తినలేదు అంటే పెట్టమని అడిగినట్టు. అట్లా అడిగేవాళ్లు ఎవరూ లేరు, కడుపు వీపుకు అంటుకున్నవాళ్లతో సహా. అందుకని మా వాడు కొత్త పద్ధతి కనిపెట్టాడు. మనిషిని అడిగేది అడుగుతూనే గిన్నె మూత తీయడం. నోరు మర్యాద పాటిస్తుంది, గిన్నె పాటించదు.

కనిపెట్టాడన్నాను గానీ, ఈ విద్య వాడికి యూనివర్సిటీ నేర్పింది కాదు. మా బాపు కాగజ్‌నగర్ మిల్లులో కాంట్రాక్టు కూలీ. 2014లో మిల్లు ఆగిపోయాక భీవండి వెళ్లాడు, మగ్గాల పనికి. ఆ ఏడు నేను పుట్టింటికి పోతే మమ్మల్ని కన్న అవ్వ నాకూ వాడికీ వడ్డించి, "నేనిప్పుడే తిన్న బిడ్డా, మీరు తినుండ్రి" అంది. వాడు నాలుగు ముద్దలు తిని లేచిపోయి గిన్నె మీది మూత తీశాడు. లోపల గరిటెతో గీకిన గీతలు తప్ప ఏమీ లేవు. వచ్చి తన కంచాన్ని అవ్వ ముందుకు జరిపాడు. అవ్వకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆడోళ్ల గిన్నెలల్ల తలకాయ వెడ్తవారా, సిగ్గు లేదా" అని గరిటె కాడతో ఒక్కటేసింది.

ఆ దెబ్బతో అలవాటు పోవాలి. ముదిరింది. ఇప్పుడు అవ్వ లేదు, బాపు లేడు. అవ్వ బియ్యం కొలిచే ఇత్తడి సోల ఒక్కటి వాడి దగ్గర మిగిలింది. సర్వేకు పోయేటప్పుడు సంచిలో ఫారాలతోపాటు ఆ సోల కూడా పెట్టుకునేవాడు.

ఈ రోగానికి పెళ్లే మందు అనుకుని మంచిర్యాలలో ఒక సంబంధం చూశాను. బొగ్గు బావిలో పనిచేసే కరుణాకర్ గారి అమ్మాయి, ప్రవళిక. కంపెనీ క్వార్టరు, ముందు గదిలో కుర్చీలు, టేబుల్ మీద పూలు. బస్సు దిగినప్పటి నుంచి నేను ఒకటే చెబుతూ వచ్చాను: "అరేయ్, ఇయ్యాల ఒక్కదినం చేతులు కట్టుకోని కూసో." వాడు తల ఊపాడు. పావుగంట కూర్చున్నాడు కూడా. తర్వాత మంచినీళ్లు కావాలన్నాడు. అమ్మాయి లేవబోతే "మీరు కూసోండ్రి, నేను తెచ్చుకుంట" అని లోపలికి పోయాడు.

ఠంగ్. మళ్లీ ఠంగ్. మూడోది కొంచెం మెల్లగా.

నేను కళ్లు మూసుకున్నాను. వాడు బయటికొచ్చి, సంబంధం ఖాయమైనంత చనువుగా అమ్మాయి తల్లితో అన్నాడు: "అత్తమ్మా, మీరు పొద్దటి సంది ఏం తినలే గదా?"

ఆమె భర్త వైపు చూసింది.

"గిన్నెలన్ని మాకోసం నిండుగున్నయి. ఎంగిలి కంచం ఒక్కటి లేదు. మీ చేతులు వణుకుతున్నయి. షుగరున్నదా?"

కరుణాకర్ గారు లేచి నిలబడ్డారు. "ఏమయ్యా, మా ఇంట్ల ఆడోళ్లకు తిండి వెడ్తలేమని చెప్పనీకొచ్చినవా?"

తిరుగు బస్సులో వాడిని ఉతికి ఆరేశాను. "పిల్లను సూసి రమ్మంటె గిన్నెలు సూసి వస్తవారా?"

"పిల్లను గూడ సూసిన అక్కా. మంచిగున్నది."

"మంచిగుంటె ఏం లాభం? పోయింది గదా!"

"వాళ్లవ్వ మాత్రం ఏమన్న తినాలె" అన్నాడు, నేను మాట్లాడుతున్నది వేరే ఎవరి సంగతో అయినట్టు.

మూడు రోజులకు ఆ తల్లే నాకు ఫోన్ చేసింది. సంబంధం మాత్రం వద్దనుకున్నారట. "పిల్లగాడు మంచోడేనమ్మా. మా ఆయనకు కోపం ఎక్వ" అని ఆగి, గొంతు తగ్గించి చెప్పింది: "గా దినం సంది పదకొండు గొట్టంగనే ఇంత తింటున్న."

మా ఇంట్లోనూ వాడు అగ్గి పెట్టాడు. మా ఆయన సంపత్ మస్కట్‌లో పనిచేస్తారు. తమ్ముడు నా దగ్గరే ఉండేవాడు, మా ఇంట్లో మేమిద్దరమే. రోజూ సాయంత్రం వీడియో కాల్. నేను "తిన్నవా" అనేదాన్ని, ఆయన "తిన్న" అనేవారు. తొమ్మిదేళ్లు సంసారం అట్లా సుఖంగా నడిచింది. ఒకరోజు మా వాడు ఫోన్ లాక్కున్నాడు.

"బావా, నిన్న ఏం తిన్నవ్?"

"బిర్యాని రా. ఫుల్లు."

"ఇయ్యాల?"

"చికెన్."

"గా వెనుక స్టౌ మీద గిన్నె ఉన్నది గదా. జర మూత తియ్యి."

"అదా... అది పక్క రూమోనిది."

"పక్క రూమోని గిన్నెనే తియ్యి. వాడేమనుకోడు."

"నెట్టు మంచిగ వస్తలేదురా."

"మంచిగనే వస్తున్నది. నీ మీసం గూడ కనబడుతున్నది. తియ్యి బావా."

ఆయన తీశారు. నీళ్లలో నాలుగు టమాట ముక్కలు, ఇంత ఉల్లిగడ్డ. పక్కన కవరులో ఎండిపోయిన ఖుబూస్ రొట్టెలు. ముగ్గురం కాసేపు ఆ గిన్నెనే చూశాం. ఆ వారం నేను ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఒకడు దాచినందుకు, ఒకడు తీసినందుకు. తర్వాత ఇల్లు కట్టే ముచ్చట రెండేళ్లు వాయిదా వేశాం. ఆయన గిన్నెలోకి పప్పు వచ్చి చేరింది.

పోశవ్వ సంగతి వాడే నాకు అన్నం దగ్గర చెప్పాడు. ఆసిఫాబాద్ అవతల ఊరు ఆమెది. మొగుడు ఇస్తారిది సెంట్రింగ్ పని, ఆమెది ఇటుకలు మోసే పని. రేషన్ కార్డు ఊర్లో అత్త దగ్గరే ఉండిపోయింది. మొదటిరోజు వీడు ఫారం తీసి ఏం తిన్నరని అడిగితే, "కోడికూర" అందట తడుముకోకుండా. వీడు మాట్లాడుతూ మాట్లాడుతూ గిన్నె మూత తీశాడు. అడుగున గుప్పెడు అన్నం, పక్కన కాగితంలో ఉప్పూ కారం. పోశవ్వ గరిటె పట్టుకుని లేచింది.

"ఏయ్ సారూ! ఎవని గిన్నెనుకున్నవ్?"

"కోడి ఎటువోయిందక్కా?"

"ఎగిరిపోయింది. రెక్కలుంటయి గదా!"

"మరి ఫారంల ఏం రాయాలె?"

"ఎగిరిపోయిందనే రాయి!"

అది చెప్పి వాడు పొలమారేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు వాడు రెండు ముద్దలకే చెయ్యి కడుక్కోవడం గమనించాను గానీ, కారణం అడగలేదు.

ఆ తర్వాతే మా ఇంట్లో బియ్యం డబ్బాకు బొక్క పడ్డది. నెలకు వచ్చే బియ్యం ఇరవై రోజులకే అడుగంటేవి.

"అరేయ్ స్వామీ, ఇంట్ల ఉన్నది ఇద్దరం. బియ్యం ఎటువోతున్నయిరా?"

"శాంపిల్ అక్కా."

"ఏం శాంపిల్?"

"వాళ్ల పొయ్యి మీద, వాళ్ల నీళ్లతోని సోలెడు బియ్యం వండితె అన్నం ఎంతైతదో కొలవాలె. ఒక్కో పొయ్యికి ఒక్కో లెక్క వస్తది."

"వండినంక ఇంటికి తేవచ్చు గదా."

"వండిన శాంపిల్ మల్ల తీస్కపోవద్దు. రూల్ ఉన్నది."

నేను తెలుగు చెప్పుకునేదాన్ని. సైన్సు వాళ్లు రూలంటే రూలనుకుంటాను. పైగా చదువు ఖర్చు కదా అని పెద్ద డబ్బా కొన్నాను.

అసలు బాధ బియ్యం కాదు, ఫారాలు. ఒక్కో ఇంటికి ఏడాదిలో మూడుసార్లు పోయి రాసుకోవాలి. అట్లా రెండువందల ఇళ్లు పూర్తయితేనే పరిశోధన కింద లెక్క. మా వాడు పూర్తి చేసేవాడు, ఇంటికొచ్చి సంచి తగిలించేవాడు, ఎర్రపెన్ను తీసి ఆ ఫారం మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టేవాడు. వెనుక ఏదో రాసి పక్కన పడేసేవాడు.

"గదెందుకు కొట్టేసినవ్‌రా?"

"చెడిపోయిందక్కా."

"చెడిపోనీకి ఫారమేమన్న పాలా?"

నవ్వేవాడు. నెలకొక ఇల్లు కొట్టేసేవాడు, కొత్త ఇళ్లకు పోయేవాడు, వాటిలోనూ కొన్ని చెడిపోయేవి. వాడితో చేరినవాళ్లు డిగ్రీలు తీసుకుని లెక్చరర్లయ్యారు. ఒకడు వీడి ఉద్యోగ ఇంటర్వ్యూ బోర్డులోనే కూర్చున్నాడు. ఏడేళ్లయింది. పోయిన జూన్‌లో గైడు సారు నాకే ఫోన్ చేశారు.

"అమ్మా శ్యామలా, నువ్వన్న చెప్పు. ఇదే ఆఖరి పొడిగింపు. మార్చి ముప్పై ఒకటిలోపల పెట్టకుంటె రిజిస్ట్రేషన్ రద్దయితది. ఏడేళ్ల పని గోదాట్లె కలుస్తది. ఇంకా నూట నలభై మూడిళ్ల మీదనే ఉన్నడు."

ఆ సాయంత్రం వాడిని కూర్చోబెట్టి చెప్పాను. ఏడ్చాను కూడా. కాగజ్‌నగర్ మిల్లు కూలీ కొడుకు డాక్టరేటు తీసుకుంటే చూడాలని అవ్వ ఎంత తపించిందో గుర్తుచేశాను. వాడు అంతా విన్నాడు. "యాభై ఏడిళ్లే గదక్కా. ఇగ ఏ ఇల్లు చెడగొట్ట. ఒట్టు" అన్నాడు. మర్నాడు పొద్దున మళ్లీ సోలెడు బియ్యం సంచిలో పోసుకుంటుంటే చూశాను. మార్చిదాకా వాడి మీద కోపంగానే ఉండాలని నిర్ణయించుకున్నాను. సెప్టెంబర్ దాకా ఉన్నాను.

జ్వరం మూడురోజులు దాచాడు. అందరి గిన్నెల మూతలూ తీసేవాడు తన చొక్కా కింద కాలుతున్న ఒంటిని మాత్రం నాకు తెలియనివ్వలేదు. ఆసుపత్రికి చేరేసరికి ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి. మంచంమీద సెలైను ఎక్కుతుండగానే పక్క మంచం గంగయ్య తాత క్యారియర్ మూత తీశాడు. "తాతా, గీ కూరల ఉప్పు లేదు గదా, ఎట్ల తింటున్నవ్?" అని ఆరా తీస్తే, ఆ తాత వారం నుంచి ఇంటివాళ్లతో చెప్పుకోలేనిదంతా వీడితో చెప్పుకున్నాడు. డాక్టరు వచ్చి "తిన్నవా?" అన్నాడు. వార్డంతా "తిన్న సార్" అని ఒక్కమాటతో పంపేసింది. మా వాడు ఒక్కడే ప్రశ్నకు జవాబిచ్చాడు:

"ఏడున్నరకు ఇడ్లీ ముప్పావు, నీళ్లు అరగ్లాసు సార్. ఇడ్లీ అరగంటకు బయటికొచ్చింది. దాన్ని లెక్కల రాయకుండ్రి."

డాక్టరు నవ్వాడు. నర్సు నవ్వింది. వాడు నావైపు తిరిగి, "అక్కా, సోల పోశవ్వ ఇంట్ల మర్చిపోయిన. తెచ్చుకోవాలె" అన్నాడు. ఇద్దరి మధ్యా ఆఖరి మాట అదే. మర్నాడు తెల్లవారి పోయాడు.

పదకొండో రోజు దాకా ఇంటినిండా మనుషులు. ఎవరో ఒకరు తెచ్చేవారు, ఎవరో ఒకరు తినిపించేవారు. మా ఆయనకు పదిరోజులే సెలవు దొరికింది. వచ్చి పోయారు. భూమవ్వ అత్త కూడా వెళ్లిపోయింది. తర్వాత నేనూ, పెద్ద బియ్యం డబ్బా మిగిలాం. సాయంత్రం ఫోన్‌లో ఆయన "తిన్నవా" అనేవారు. నేను "తిన్న" అనేదాన్ని. మూత తియ్యి అనేవాళ్లు లేరు.

పదహారో రోజు పొద్దున గైడు సారు వచ్చారు. వాడి ఫారాలన్నీ ముందుగదిలో చాపమీద పరిచి రెండు గంటలు చూశారు. మంచివి ఒక కుప్ప, ఎర్రగీత పడ్డవి ఒక కుప్ప.

"అమ్మా, మంచివి ఇంకా ఆ నూట నలభై మూడే. కొట్టేసినవి అరవై ఒకటున్నయి. ఒక్క తప్పు లేకుండ నింపిండు. ఇవి కలిపితె రెండువందల నాలుగైతయి. ఎర్రగీతలు లేకుండ కొత్త ఫారాల మీద ఎక్కించుకుందాం. మిగిలిన పని నేను చేస్త. డిగ్రీ వాని పేరు మీద వస్తది. ఇప్పిస్త."

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. గోడమీది ఫోటో కింద వాడి పేరు, పేరు ముందు డాక్టర్. అవ్వ అడిగింది అదొక్కటే. "ఎక్కియ్యుండ్రి సార్" అన్నాను.

"ఒక్కటే సమజైతలేదు. ప్రతిదాని వెనుక ఒకటే ముక్క రాసిండు, సూడు." ఎర్ర సిరాతో వాడి కోడిగీతలు: నా బియ్యం ఉడికింది.

"శాంపిల్ బియ్యం సార్. కొలవాలన్నరు గదా మీరు."

"నేనా? ఏం శాంపిల్? మన సర్వేల బియ్యమే లేవమ్మా. అడుగుడు, రాసుకునుడు, గంతే."

అప్పుడే గుమ్మంలో ఒకామె నిలబడింది. నలభై ఏళ్లుంటాయి, చీరకొంగుకు సిమెంటు మరకలు. చేతిలో కొంగు కప్పిన ఇత్తడి సోల.

"కుమారస్వామి సారు ఇల్లు ఇదేనా? నేను పోశవ్వను. మాకు నిన్ననే ఎర్కయింది." సోల నా చేతిలో పెట్టింది. నిండా బియ్యం. "ఒట్టి సోల ఎట్ల దెస్తమక్కా. ఇంతగనం పోసుకొచ్చిన."

నేను కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"తిన్నవా అక్కా?"

"తిన్న."

మారుమాట లేకుండా నన్ను దాటుకుని వంటింట్లోకి పోయింది.

ఠంగ్.

పదహారు రోజుల తర్వాత ఆ చప్పుడు వినడం.

"గిన్నెల ఏం లేదు" అంది లోపలినుంచి.

"పొద్దుగాల తిన్న. అయిపోయింది."

"ఏం తిన్నవ్?"

తోచింది చెప్పాను. "కోడికూర."

పోశవ్వ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పెదవుల చివర నవ్వు ఆపుకుంటోంది. "కోడి ఎటువోయిందక్కా?"

"ఎగిరిపోయింది" అన్నాను. అని, నవ్వానో ఏడ్చానో గైడు సారును అడగాలి.

ఆమె అప్పటికే సోల అందుకుని బియ్యం కడగడం మొదలుపెట్టింది. "నువ్వు జర పొయ్యి ముట్టియ్యి, గీ గ్యాసు నాకు రాదు. ఇగో అక్కా, ఇది నీకు తినుమని దెచ్చింది గాదు. శాంపిల్. నీ పొయ్యి మీద వండితె ఎంతైతదో సూడాలె. వండినంక మల్ల తీస్కపోవద్దు. రూల్ ఉన్నది. సారే చెప్పిండు."

ముందుగదిలోంచి గైడు సారు లేచి వచ్చారు. "ఈ శాంపిల్ ఎన్నిసార్లు చేసిండమ్మా మీ ఇంట్ల?"

"ఎన్నిసార్లంటె ఏం చెప్త సారూ. ఎప్పుడు గిన్నెల ఏం లేకుంటె గప్పుడు." చేతివేళ్లతో బియ్యం ఎసరు చూసుకుంటూ చెప్పుకుపోయింది. "మా ఒక్కింట్ల గాదు. మా వరుసల అన్ని షెడ్లల్ల. పెండ్లిళ్ల గుండిగలు గూడ ఆటోల ఏసుకొచ్చేటోడు. ఎవరో అంజన్నట, పంపిండట. గవి గూడ శాంపిలే అనేటోడు. మాకు ఎర్క లేదా? ఎర్కే. సారు మనసు చిన్నవుచ్చుడెందుకని కొలిచి సూపిచ్చేటోళ్లం."

గైడు సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఎంతసేపు తుడిచినా మసక పోయినట్టు లేదు. "నిన్న ఏం తిన్నరో రాసుకునుడు వాని పని" అన్నారు చివరికి, కోప్పడుతున్నట్టే. "నిన్న వాడే తెచ్చి వండిపిస్తె ఏం రాసుకుంటడు? కడుపు నిండింది అని రాస్తె ఊరంతా కడుపు నిండినట్టు లెక్క తేలుతది. అందుకే కొట్టేసిండు. ఏడేండ్లు! మూర్ఖుడు!" గొంతు మార్చారు. "అయినా ఎవరికి తెలుస్తదమ్మా? రెండువందల నాలుగు పెడ్దాం."

పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. ఆ ఫోటో, దాని కింద పేరు, పేరు ముందు డాక్టర్, అన్నీ నా కళ్లముందు ఇంకా ఉన్నాయి.

"వద్దు సార్. నూట నలభై మూడే పెట్టుండ్రి."

"కమిటీ ఒప్పుకోకపోతె?"

"ఒప్పుకోకపోతె కొట్టేస్తరు. వానికి అలవాటే గదా."

సారు మళ్లీ చాప దగ్గరికి పోయారు. ఎర్రగీతల కుప్పను సర్ది, దారం కట్టి నా చేతికిచ్చి, మంచి కుప్పను తన సంచిలో పెట్టుకున్నారు.

పోశవ్వ అన్నం దించింది. వంటింట్లో నాకే తెలియని మూలనుంచి చింతకాయ తొక్కు జాడీ వెతికి తీసింది. నాకు పెట్టి, నేను రెండో ముద్ద తినేదాకా ఎదురుగా నిలబడింది. తర్వాత సారు వైపు తిరిగి, "నువ్వు తిన్నవా సారూ?" అంది. ఆయన "తిన్న" అనబోయి, ఆమె చూపు గుమ్మం బయట నిలిపిన తన స్కూటర్ మీది టిఫిన్ డబ్బా మీద పడటం చూసి, "లేదమ్మా, ఇంత పెట్టు" అన్నారు.

చెయ్యి కడుక్కొచ్చాక చాపమీద ఒక ఖాళీ ఫారం కనిపించింది. తీసి నింపాను. ఇంటివారి పేరు, శ్యామల. ఎక్కడినుంచి వచ్చారు, కాగజ్‌నగర్. ఇంట్లో ఎంతమంది అన్నచోట అలవాటుగా రెండు అని రాసి, దిద్దాను. నిన్న పొద్దటి నుంచి తిన్నవి: టీ రెండుసార్లు, బిస్కెట్లు మూడు. అబద్ధం రాయలేదు. ఆ తర్వాత వాడి ఎర్రపెన్ను తీసి ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీశాను. వెనక్కి తిప్పి రాశాను: పోశవ్వ బియ్యం ఉడికింది.

గైడు సారు తొంగిచూశారు. "గిదెందుకు కొట్టేసినవమ్మా?"

"చెడిపోయింది సార్" అన్నాను.